పాటను పరీక్షించేది ఎవరు?

2025 నవంబరులో అమెరికాలో సాలొమన్ రే అనే గాయకుడి పేరు మీద వచ్చిన పాట ఒకటి బిల్‌బోర్డ్ పత్రిక వేసే గాస్పెల్ డిజిటల్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. నిండైన గొంతు, పాతకాలపు సువార్త గానపు ఒరవడి, అలసినవారిని ఆదరించే మాటలు. అయితే సాలొమన్ రే అనే మనిషి లేడు. ఆ గొంతు కృత్రిమ మేధతో తయారు చేసినది. అతడు ఏ సంఘంలోనూ బాప్తిస్మం పొందలేదు, ఏ కాపరి దగ్గరా వాక్యం వినలేదు, ఏ రోగి మంచం పక్కనా మోకరించలేదు. అయినా అతని పాట విశ్వాసులు కొన్నారు, విన్నారు, ఒకరికొకరు పంపుకున్నారు.

యంత్రం పాడిన పాటలో పరిశుద్ధాత్మ పనిచేస్తాడా అని క్రైస్తవ లోకంలో చర్చ జరిగింది. జరగవలసిన చర్చే. కానీ దానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఒక పాట మన ఆరాధనలోకి వచ్చే ముందు దాన్ని శ్రద్ధగా విని, ఎవరు రాశారో కనుక్కుని, అందులోని బోధ ఏమిటో చూసి, సంఘానికి చెప్పేవారు ఎవరైనా ఉన్నారా? అమ్మకాల పట్టిక ఆ పాట ఎంత అమ్ముడుపోయిందో చెప్పింది. అంతకు మించి చెప్పడం దాని పని కాదు.

లోకంలో చాలాకాలం ఆ పని సంగీత పత్రికలు చేశాయి. ఇప్పుడు అవి ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సినిమా పాటల పత్రికలు, పాశ్చాత్య సంగీత పత్రికలు మూతపడితే సంఘానికేమి నష్టం అని మీరు అడగవచ్చు. వాటి కథ వింటే మన కథ కొంత అర్థమవుతుంది.

ముగ్గురు పాఠకులు

సంగీత పత్రికలకు మొదటినుంచీ మూడు రకాల పాఠకులు ఉన్నారు. మొదటివారు వాయించేవారు. అమెరికాలో 1883 నుంచి 1957 వరకు వచ్చిన ఎట్యూడ్ పత్రిక పియానో నేర్పేవారికీ నేర్చుకునేవారికీ స్వరలిపితో సహా పాఠాలు అందించింది. లండన్‌లో 1926లో మొదలైన మెలొడీ మేకర్ డ్యాన్స్ బ్యాండ్లలో వాయించుకుని బతికేవారి కోసం పుట్టింది.

రెండోవారు అమ్మేవారు. బిల్‌బోర్డ్ 1894లో గోడల మీద ప్రకటనలు అంటించే వ్యాపారుల పత్రికగా మొదలైంది. తర్వాత వినోద వ్యాపారం వైపు, ఆపైన రికార్డుల వ్యాపారం వైపు మళ్లింది. ఏ పాట ఎంత అమ్ముడుపోతోందో కొట్టు యజమానికి తెలియాలి కదా. ఆ లెక్కలే దాని సరుకు.

మూడోవారు, అందరికంటే ఎక్కువమంది, వినేవారు. 1952లో బ్రిటన్‌లో మొదలైన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ వారి కోసమే వచ్చింది. ఆ దేశంలో మొదటి సింగిల్స్ పట్టిక అచ్చయింది అదే ఏడాది నవంబరులో, ఆ పత్రికలోనే. 1978లో వచ్చిన స్మాష్ హిట్స్ ఇంకో చిన్న అవసరాన్ని కనిపెట్టింది. పిల్లలకు పాట నోటికి రావాలంటే మాటలు కావాలి. ఆ మాటలు అచ్చువేసి ఇచ్చింది, ప్రతులు లక్షల్లో అమ్ముడుపోయాయి. సినిమాహాలు బయట కొద్ది పైసలకు పాటల పుస్తకం కొనుక్కుని ఇంటిల్లిపాదీ పాడుకున్న తెలుగువారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

నమ్మకం అనే సరుకు

వినేవారు పత్రిక ఎందుకు కొన్నారు? రికార్డు కొనాలంటే డబ్బు ముందు పెట్టాలి, పాటలు తర్వాత వినాలి. రేడియోలో వినపడేది ఒకటో రెండో. మిగతా ఎనిమిది ఎలా ఉంటాయో తెలియదు. అందుకే ముందుగా విన్న మనిషి మాటకు విలువ ఉండేది. విమర్శకుడు నాలుగుసార్లు మంచి సలహా ఇస్తే ఐదోసారి పాఠకుడు అతని మాట మీద జేబులో చెయ్యి పెట్టేవాడు.

ఆ నమ్మకం చూసే రికార్డు కంపెనీలు ఆ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చాయి. అంటే పత్రికకు రెండు ఆదాయాలు: పాఠకుడు ఇచ్చే వెల, కంపెనీ ఇచ్చే ప్రకటన. ఈ రెంటి మధ్య ఎప్పుడూ ఒక పెనుగులాట ఉండేది. ఐదో పేజీలో ప్రకటన ఇచ్చిన కంపెనీ పాటను పదో పేజీలో బాగోలేదని రాయాలంటే సంపాదకుడికి గుండె ధైర్యం కావాలి. రాయకపోతే పాఠకుడు పోతాడు. పాఠకుడు పోతే ప్రకటన కూడా పోతుంది. మంచి పత్రికలు ఈ కత్తి అంచు మీదే నడిచాయి.

ఇంటర్‌నెట్ వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. పాట ముందే, ఉచితంగా వినవచ్చు. బాగోలేకపోతే వేలితో తోసేసి ఇంకోటి వినవచ్చు. నష్టపోయే డబ్బు లేనప్పుడు సలహాకు వెల ఇచ్చేదెవరు? ప్రకటనలు కూడా పత్రికలను వదిలి గూగుల్, ఫేస్‌బుక్ వైపు పోయాయి.

1960ల నడుమ వారానికి 3 లక్షలకు పైగా అమ్మిన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 2014 నాటికి సుమారు 15,000 ప్రతులకు పడిపోయింది. 2015లో ఉచితం చేసి రైల్వే స్టేషన్లలో, కాలేజీల్లో మళ్లీ 3 లక్షల ప్రతులు పంచారు. ప్రతి చేతికీ చేరింది కానీ పత్రిక నిలబడలేదు. 2018 మార్చిలో అచ్చు ఆగిపోయింది. 1986లో మొదలైన క్యూ పత్రిక ఒకప్పుడు 2 లక్షల ప్రతులు అమ్మింది. 2020లో మూతపడేనాటికి 28,000 మిగిలాయి. ఇది కాగితానికి వచ్చిన కష్టం మాత్రమే అనుకుంటే పొరపాటు. 1996లో ఇంటర్‌నెట్‌లోనే పుట్టి, ఇంటర్‌నెట్‌లోనే పెరిగిన పిచ్‌ఫోర్క్‌ను కూడా దాని యజమానులు 2024 జనవరిలో ఉద్యోగులను తగ్గించి ఒక మగవారి ఫ్యాషన్ పత్రికలో కలిపేశారు.

నిలబడినవి లేకపోలేదు. 1923లో మొదలైన గ్రామఫోన్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవారి కోసం నేటికీ వస్తోంది. మన దగ్గర 1983లో చెన్నైలో మొదలైన శ్రుతి కర్ణాటక సంగీతం, నాట్యం ప్రేమించేవారి అండతో దశాబ్దాలు నడిచింది. వీటి పాఠకులు తక్కువమంది. కానీ వారు తమ సంగీతాన్ని లోతుగా ఎరిగినవారు. కాలక్షేపం కోసం కాకుండా వివేచన కోసం వెల చెల్లించారు. ఈ మాట గుర్తుంచుకోండి, సంఘం విషయంలో మళ్లీ వస్తుంది.

క్రైస్తవ సంగీత పత్రిక చెప్పే పాఠం

మన విశ్వాస లోకంలోనూ ఇలాంటి పత్రిక ఒకటి ఉండేది. 1978 జూలైలో కాలిఫోర్నియాలో జాన్ స్టిల్ ప్రారంభించిన కాంటెంపరరీ క్రిస్టియన్ మ్యూజిక్. తర్వాత సీసీఎం అనే పొట్టి పేరుతో స్థిరపడింది. గిటార్లతో, డ్రమ్ములతో క్రీస్తును పాడుతున్న కొత్త తరాన్ని పెద్దలు అనుమానంగా చూస్తున్న రోజులవి. ఆ పాటలను పరిచయం చేసి, గాయకులను ప్రశ్నలడిగి, కొత్త ఆల్బములను సమీక్షించిన పత్రిక అది.

దానికీ అదే పెనుగులాట. పాఠకులు సంఘాల్లోని యువత, ప్రకటనదారులు రికార్డు కంపెనీలు. 1990ల్లో క్రైస్తవ సంగీతం పెద్ద వ్యాపారమైంది. స్పారో అనే క్రైస్తవ రికార్డు సంస్థను 1992లో ఈఎంఐ కొనేసింది. సువార్త పాట లాభనష్టాలను లోక కంపెనీలు నిర్ణయించే పరిస్థితి వచ్చింది. 1997లో గాయకుడు స్టీవ్ క్యాంప్, లూథరు మాదిరిగా, 107 అంశాల పత్రం ప్రకటించి ఈ వ్యాపార పొత్తును ప్రశ్నించాడు. అతనితో ఏకీభవించినవారూ కాదన్నవారూ ఉన్నారు. కానీ వాదన బహిరంగంగా జరిగింది. వాదించుకునే చోటంటూ ఒకటి ఉంది.

2008 ఏప్రిల్‌తో సీసీఎం అచ్చు ప్రతి ఆగిపోయింది. పేరు ఇంటర్‌నెట్‌లో కొనసాగింది కానీ నెలనెలా ఇంటికి వచ్చే గొంతు ఆగింది. మార్కెట్టు మాత్రం ఆగలేదు. సంఘాలు పాడే పాటలకు లైసెన్సులిచ్చే సీసీఎల్ఐ సంస్థ ఏ పాటలు ఎక్కువ పాడుతున్నారో జాబితాలు వేస్తుంది. 2010 నుంచి 2020 వరకు ఆరాధన పాటల అగ్ర జాబితాలకెక్కిన 38 పాటలను కొందరు పరిశోధకులు పరిశీలించి 2023లో ఫలితం ప్రకటించారు. దాదాపు అన్నీ నాలుగే పెద్ద సంఘాలతో ముడిపడి ఉన్నాయి: బెతెల్, హిల్‌సాంగ్, ఎలివేషన్, ప్యాషన్. వేలాది సంఘాలు, పదుల కొద్దీ శాఖలు, కానీ పాట వచ్చేది నాలుగు వేదికల నుంచి. ఎవరూ కూర్చుని అలా తీర్మానం చేయలేదు. ఎక్కువమంది విన్నదే మరికొందరికి వినిపించే ఏర్పాటులో అది అలా జరిగిపోయింది. ఆ పాటల్లో కొన్ని తెలుగు మాటలు తొడుక్కుని మన పట్టణ సంఘాల్లోకీ వచ్చాయి.

మన ఇంటి సంగతి

తెలుగు సంఘాల్లో పరిశీలన పనిని పత్రికల కంటే ఎక్కువగా పాటల పుస్తకం చేసింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం, తాళం. రాసినవారి పేరు. పురుషోత్తమ చౌదరి వంటి కవిభక్తులు పందొమ్మిదో శతాబ్దంలో రాసినవాటిని పెద్దలు ఏరి కూర్చారు. త్రిత్వం, క్రీస్తు జననం, సిలువ, పునరుత్థానం, ప్రభురాత్రి భోజనం, పెండ్లి, సమాధి, ఇలా విశ్వాసి బతుకంతా అందులో వరుసగా ఉంటుంది. సీయోను గీతములు కూడా తనదైన రీతిలో సమాజాలకు అలాంటి సేవే చేసింది. పుస్తకంలో పాట చోటు సంపాదించాలంటే ఎవరో ఒకరు చదివి, ఒప్పుకోవాలి.

ఈరోజు కొత్త పాట యూట్యూబ్ గుండా వస్తుంది. పాట రాసినవారు ఒకరు, ఖర్చు పెట్టినవారు ఒకరు, పాడినవారు సినిమా నేపథ్య గాయకులు. తొందరగా పేరు కనిపించేది ఖర్చు పెట్టినవారిది. నవంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటల వరద. శనివారం రాత్రి ప్రాక్టీసులో ఎవరో ఫోను తీసి, దీనికి ఇన్ని లక్షల వ్యూస్ ఉన్నాయన్నా అంటారు. వాట్సాప్‌లో మాటలు వస్తాయి, ఆదివారం ప్రొజెక్టరు మీద పడతాయి. సంఘం పాడేస్తుంది. కాపరి ఆ చరణాలను మొదటిసారి చదివేది కూడా ఆ తెర మీదే.

వ్యూస్ లెక్క ఎంతమంది నొక్కారో చెబుతుంది. ఆ పాట లేఖనానికి సరిపోతుందో లేదో చెప్పదు. మీరు ఒక పాట చివరిదాకా వింటే యంత్రం అలాంటిదే ఇంకోటి చూపిస్తుంది. గెలుపు, దీవెన, శత్రువుల సిగ్గు గురించిన పాటలు విన్నవారికి అవే మళ్లీ మళ్లీ వస్తాయి. పాపపు ఒప్పుకోలు, విలాపం, పొరుగువాడి ఆకలి గురించిన పాట వారి దాకా రాకపోవచ్చు. కీర్తనల గ్రంథంలో సుమారు మూడోవంతు విలాపాలే. మన కొత్త పాటల్లో వాటికి ఎంత చోటుందో మీరే లెక్క వేయండి. ఏడ్చే మాటలు నేర్పని సంఘం, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏ పాట ఇస్తుంది?

యువత వాదన

దీనికి యువతీయువకుల దగ్గర బలమైన జవాబుంది. దాన్ని తోసిపుచ్చకూడదు. పాత పుస్తకాల తలుపు దగ్గర కూర్చున్న పెద్దలు అందరినీ లోపలికి రానిచ్చారా అని వారు అడుగుతారు. శాస్త్రీయ రాగాలకు దక్కినంత చోటు పల్లె బాణీకి, డప్పు దరువుకు దక్కలేదు. కూలిపనికి పోతూ పాట కట్టిన అక్క పేరు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఈరోజు మారుమూల పల్లెలోని ఒక తమ్ముడు చిన్న ఫోనుతో పాట రికార్డు చేస్తే దుబాయిలో పనిచేస్తున్న అన్న, డాలస్‌లో ఉన్న కుటుంబం విని ఆదరణ పొందుతున్నారు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇది నిజం. ఇందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి. పాత తలుపును మళ్లీ మూయమని నేను కోరడం లేదు. కాకపోతే ఆ తమ్ముడి పాట ఎంతమందికి చేరుతుంది? తెర మీద ముందు వరుసలో నిలిచేది ఎక్కువగా పెద్ద స్టూడియో, పెద్ద వీడియో, పెద్ద పేరు ఉన్న పాటలే. మనిషి కాపలా పోయిన చోట డబ్బు కాపలా కూర్చుంది. శ్రద్ధగా వెతికి, విని, ఇదిగో ఇక్కడొక మంచి పాట ఉంది అని చెప్పే మనిషి ఉంటేనే పల్లె తమ్ముడి పాటకు న్యాయం జరుగుతుంది. మంచి సంగీత పత్రిక చేసిన మేలు అదే. చెడ్డపాటను ఖండించడం కంటే, ఎవరూ వినని మంచిపాటను వెలుగులోకి తేవడం.

లేఖనం ఏమంటుంది

దావీదు ఆలయ గానాన్ని గాలికి వదిలేయలేదు. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలను నియమించాడు. గానంలో నేర్పు పొందినవారి సంఖ్య 288 అని దినవృత్తాంత గ్రంథం లెక్క చెబుతుంది (1 దినవృత్తాంతములు 25). కెనన్యాకు పాట నేర్పే బాధ్యత ఇచ్చింది అతడు అందులో ప్రవీణుడు కాబట్టే (1 దినవృత్తాంతములు 15). పాటకు బాధ్యులు ఉండేవారు, వారి పేర్లు రాసి ఉంచారు.

పౌలు కొలొస్సయి సంఘానికి రాసినప్పుడు కీర్తనలను బోధతో, బుద్ధి చెప్పడంతో కలిపి మాట్లాడాడు (3:16). అంటే పాట కూడా ప్రసంగమే. ఇంకా చెప్పాలంటే, ప్రసంగం సోమవారానికి మరుగున పడుతుంది, పాట వారమంతా నోట్లో తిరుగుతుంది. ప్రసంగం చేసేవాడికి వేదాంత శిక్షణ అడుగుతాం, పెద్దల ముందు నిలబెట్టి పరీక్షిస్తాం. వారమంతా బోధించే పాటను మాత్రం వ్యూస్ చూసి లోపలికి రానిస్తున్నాం. అన్నిటినీ పరీక్షించమని థెస్సలొనీకయులకు అతడు ఇచ్చిన ఆజ్ఞలో పాటకు మినహాయింపు లేదు.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మార్కెట్టుకు శ్రోతలు కావాలి. సంఘం శ్రోతల గుంపు కాదు. సంఘమే గాయక బృందం. నేపథ్య గాయని శ్రుతిలో, పొడవాటి వాద్య సంగీతంతో తయారైన పాటను మన ముసలమ్మలు, పిల్లలు పాడలేరు. వేదిక మీద నలుగురు పాడతారు, కింద మూడు వందలమంది చూస్తారు. అలా చూడటం అలవాటైన సంఘం మెల్లగా నోరు మూసుకుంటుంది. పాడే ప్రజను వినే ప్రజగా మార్చడం వ్యాపారానికి లాభం. ఆరాధనకు అంతకంటే నష్టం లేదు.

చేయగలిగినవి

ప్రతి సంఘమూ ఒక చిన్న పాటల కమిటీ వేసుకోవచ్చు. క్వయిర్ నుంచి ఒకరు, తెలుగు బాగా వచ్చిన టీచరు ఒకరు, స్త్రీల సమాజం నుంచి ఒకరు, యవనస్థుల నుంచి ఒకరు, వారితో కాపరి. కొత్త పాట వచ్చినప్పుడు ముందు బాణీ లేకుండా మాటలు మాత్రమే గట్టిగా చదవండి. ఇందులో దేవుడు ఎవరు, మనం ఎవరు? క్రీస్తు సిలువ ఉందా, లేక మన కోరికలేనా? తెలుగు సరిగా ఉందా? కరెంటు పోయినా, కీబోర్డు లేకపోయినా, ఇంటి కూడికలో పదిమంది పాడగలరా? ఈ నాలుగు ప్రశ్నలకు పావుగంట చాలు.

పాట మొదలుపెట్టే ముందు రాసినవారి పేరు చెప్పండి. పాత కీర్తనల పుస్తకం పాటించిన మర్యాద ఇది. పేరు దొరకకపోతే ఎందుకు దొరకలేదో వెతకండి. రేపు యంత్రం రాసిన పాట మీ తెర మీదికి వచ్చినా పట్టుకోగలిగే మొదటి పద్ధతి ఇదే. మీ సంఘంలోనే పాటలు రాసేవారుంటే ఏటా ఒక్కటైనా నేర్చుకోండి. రాసినవారికి కానుక ఇవ్వడానికి సిగ్గుపడకండి. పనివాడు జీతానికి అర్హుడని ప్రభువే చెప్పాడు.

ఇక క్రైస్తవ పత్రికల వంతు. మనం మహాసభల ప్రకటనలు, కొత్త ఆల్బముల ప్రకటనలు వేస్తాం. వాటి పక్కనే నెలకు నాలుగు పాటల మీద నిజాయితీ గల సమీక్ష కూడా వేయాలి. ప్రకటన ఇచ్చినవారి పాటకూ ఇవ్వనివారి పాటకూ ఒకే కొలత ఉండాలి. గ్రామఫోన్, శ్రుతి పాఠకులు తక్కువమందే అయినా తమ పత్రికలను నిలబెట్టారు. వినడం మాత్రమే చాలదు, తెలుసుకోవాలి అనుకున్నారు కాబట్టి నిలబెట్టారు. తమ పిల్లలు ఏ పాటలు నేర్చుకుంటున్నారో తెలుసుకోవాలనే విశ్వాసులు మన సంఘాల్లో అంతకంటే ఎక్కువమందే ఉన్నారని నా నమ్మకం.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ పాటల నాయకుడిని ప్రేమతో ఒక్క మాట అడగండి: తమ్ముడూ, ఈరోజు పాడిన కొత్త పాట ఎవరు రాశారు? అతనికి తెలిస్తే అభినందించండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి కనుక్కోండి. ఆత్మతోనూ మనసుతోనూ పాడే కృపను ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక.